ఆయన పోతారనుకున్న వారం

"దగ్గాలంటే వరండాలోకి వెళ్ళి దగ్గు. వాడి ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం, మళ్ళీ నీ దగ్గు కూడా అంటించకు" అన్నారు అత్తగారు. నేనప్పుడు ఆయన కోసం సూపు వడకడుతున్నాను. గరిట పక్కన పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తి, గోడ పట్టుకుని దగ్గినంతసేపు దగ్గి, మళ్ళీ వచ్చి చేతులు కడుక్కుని గరిట పట్టుకున్నాను. ఆ వారమంతా మా ఇంట్లో ఇదే పద్ధతి. కిటికీ ఉన్న గదిలో ఆయన పడుకుని ఉన్నారు. దగ్గు నాది, జబ్బు ఆయనది అని ఇల్లంతా నమ్మేసింది. ఇల్లంతా అంటే నేను కూడా.

అసలు సంగతి ఇదీ. ఆయన ఆఫీసువాళ్ళు ఏడాదికోసారి ఉద్యోగులకీ వాళ్ళ భార్యలకీ ఒంటి పరీక్షలు చేయిస్తారు. ఎప్పుడూ ఆయన ఒక్కరే వెళ్ళి వస్తారు. ఈసారి నేనూ వెళ్ళాను. పరీక్షల కోసం కాదు. కిందటేడు పరగడుపున రక్తం ఇచ్చాక ఆయనకి కళ్ళు తిరిగాయట, వెంటనే తినడానికి డబ్బా పట్టుకుని పక్కన ఎవరో ఒకరు ఉండాలి. డబ్బా ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంటే అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి, "మీ పేరు కూడా ఉంది మేడం, ఎలాగూ వచ్చారు కదా, రండి" అని నన్ను కూడా ఎక్స్‌రే మిషను ముందు నిలబెట్టింది. కొన్నాళ్ళకి ఆ అమ్మాయే ఆయనకి ఫోన్ చేసి, "సార్, మీ ఫైల్లో ఉన్న ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడుతోంది. ఛాతీ డాక్టరుకి చూపించండి" అంది. ఫైలు ఆయన పేరు మీద ఉంది. అందులో ఎక్స్‌రేలు రెండు ఉన్నాయి. ఎవరిదమ్మా అని ఆయన అడగలేదు. అడగాలని ఎవరికీ తట్టలేదు. పెళ్ళినాటి నుంచీ పెట్టెలకి పెట్టెలు సిగరెట్లు ఊదిపారేస్తున్న మనిషాయె, మచ్చ ఇంకెవరికి వస్తుంది. ఆ కవరు తెచ్చి బీరువాలో పెట్టారే గాని, విప్పితే కళ్ళతో ఏం చూడాల్సి వస్తుందోనని ఎవరూ విప్పలేదు. పెద్ద డాక్టరుగారు వచ్చే వారం గాని దొరకరన్నారు.

నాకు కూడా అనుమానం రాలేదన్నదే నాకిప్పటికీ మింగుడుపడదు. నెలల తరబడి దగ్గుతున్నది నేను. మెట్లెక్కుతూ మధ్యలో చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించి ఊపిరి తీసుకుంటున్నది నేను. జాకెట్లు వదులైపోయి మళ్ళీ కుట్లు వేసుకున్నది నేను. "నీ దగ్గుతో నాకు నిద్ర ఉండట్లేదు, పొద్దున్నే ఆఫీసుకెళ్ళాల్సినవాణ్ణి" అని ఆయన విసుక్కుంటే దిండూ దుప్పటీ పట్టుకుని హాల్లోకి మారాను. పొద్దున్నే పనికి వెళ్ళాల్సినదాన్ని నేను కూడా అని నాకూ గుర్తు రాలేదు, ఆయనకీ గుర్తు రాలేదు. కళ్ళజోళ్ళ షాపులో నాది ముందు బల్ల. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, దూరంగా ఉన్న అక్షరాలు చదివించి, అద్దాలు మార్చి మార్చి చూపించి, వాళ్ళ మొహానికి నప్పే ఫ్రేము తీసి పెట్టేది నేనే. అలాంటిది ఓనరు ఒకరోజు పిలిచి, "కస్టమర్లు జడుసుకుంటున్నారమ్మా. కొన్నాళ్ళు వెనక గదిలో అద్దాలు సాన పట్టే పని చూడు" అన్నాడు. వెనక గదికి కిటికీ లేదు. భోజనమయ్యాక ఓనరు తాపీగా సిగరెట్టు కాల్చుకునేది కూడా అక్కడే. డాక్టరుకి చూపించుకోమని ఇంట్లో గాని షాపులో గాని ఒక్కరన్నా అనలేదు. నన్ను ఎక్కడ దాచాలన్నదే అందరి ఆలోచన.

కానీ ఆయనకి మచ్చ అన్నారో లేదో ఇల్లు ఒంటికాలి మీద నిలబడింది. ఆడపడుచు ఆఫీసుకి సెలవు పెట్టి పెద్ద పెట్టెతో దిగిపోయింది, నెల్లాళ్ళయినా సరే అన్నయ్యని వదిలి కదలనంది. హాస్టల్ నుంచి మా అమ్మాయి వచ్చేసింది. అత్తగారు గదిలో సామాను మొత్తం తీయించి, పరుపు మార్పించి, దుమ్ము ఉండకూడదని తెరలన్నీ విప్పించారు. ఉతికింది నేనే అనుకోండి. ఆయన్ని కాలు కింద పెట్టనివ్వలేదు. మంచినీళ్ళు అంటే గ్లాసు, గ్లాసంటే మూత. ఆయన కూడా పాపం నిజంగానే బెదిరిపోయారు. నా చెయ్యి పట్టుకుని, "నిన్ను ఏనాడూ సరిగ్గా చూసుకోలేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ మాటకి నేను కరిగి నీరైపోయాను. పక్కన కూర్చుని కాళ్ళు పట్టాను, ధైర్యం చెప్పాను, దగ్గొస్తే వరండాలోకి పరిగెత్తాను. ఆడపడుచు అయితే మెచ్చుకోలుగా, "వదినకి కొంచెం దగ్గుంది గాని, పనిలో మాత్రం రాక్షసి" అని ఫోన్లో ఎవరికో చెప్పింది. షాపుకి వెళ్ళి, వచ్చి, వండి, ఉతికి, సూపు వడకట్టి, మధ్యలో ఆయన కోసం ఏడవడానికి కూడా నేను తీరిక చేసుకున్నాను.

డాక్టరుగారి గదిలోకి అందరం వెళ్ళాం, అత్తగారు తప్ప. ఆయన కుర్చీలో, అటొకరు ఇటొకరుగా చెల్లెలూ కూతురూ, వెనక నేను సంచి పట్టుకుని. డాక్టరుగారు పెద్దాయన. కవరు చించి ఒక ఎక్స్‌రే లైటు మీద పెట్టి చూశారు. రెండోది పెట్టి చూశారు. మళ్ళీ మొదటిది చూశారు.

"సిగరెట్లు కాలుస్తారా?" అని అడిగారు ఆయన్ని.

"కాలుస్తానండీ" అన్నారాయన, ఉరిశిక్ష వినబోతున్నవాడిలా తల దించుకుని.

"మానెయ్యండి. ప్రస్తుతానికి మీ ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గదేమీ లేదు. మచ్చ ఉన్నది ఈ రెండోదాంట్లో. ఇది మీ ఆవిడది. ఆవిడ రాలేదా?"

ఆ గదిలో అప్పుడు జరిగింది నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. మా ఆయన భుజాలు కిందికి జారాయి. ఆడపడుచు కళ్ళు మూసుకుని నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. మా అమ్మాయి, నేను కన్న పిల్ల, గబుక్కున వాళ్ళ నాన్న మెడ చుట్టూ చేతులు వేసి, "అయితే నాన్నకేం లేదన్నమాట" అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని దానికి అర్థం కాలేదు. అప్పుడు వెనక్కి తిరిగి నా మొహం చూసి చప్పున కళ్ళు దించుకుంది. దాన్ని నేను తప్పుపట్టను. ఎవరూ కావాలని చెయ్యలేదు. కావాలని చేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. తమకి తెలియకుండానే అందరి మొహాలూ ఒక్కసారి తేటపడ్డాయే, అదే నాకు మేకులా దిగింది. "ఇక్కడే ఉన్నానండీ, ఆవిడని నేనే" అన్నాను సంచి కింద పెట్టి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "నాకేం లేదమ్మా" అన్నారాయన. ఆవిడ ఆయన్ని పట్టుకుని బావురుమన్నారు. ఏడుపు కాస్త తగ్గాక, "మరి ఆ మచ్చ?" అన్నారు. "అది తనదట" అన్నారాయన. అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "దీనికా? మచ్చంటే ఏముంటుందిలే, జలుబు ముదిరి ఉంటుంది. వేణ్ణీళ్ళు తాగమ్మా" అన్నారు. అదే మచ్చ. ఆయన మీద ఉన్నన్నాళ్ళూ అది కాన్సరు. నా మీదకి రాగానే జలుబైంది. ఆడపడుచు మర్నాడే పెట్టె సర్దుకుంది. "నువ్వు ధైర్యవంతురాలివి వదినా, నీకేం కాదు" అని నా భుజం తట్టి, దారిలో తినడానికి ఏమైనా కట్టివ్వమంది. కట్టిచ్చాను. కిటికీ గదిలోకి పాత సామానంతా తిరిగి వచ్చేసింది.

స్కానుకీ, ముక్క తీసే పరీక్షకీ మా అక్క తీసుకెళ్ళింది. ఆయనకి ఆ వారం పెట్టిన సెలవులతో సెలవులన్నీ అయిపోయాయట. అక్క బస్సు కండక్టరు. రోజంతా అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంటుంది, మాట మాత్రం కత్తి. ఆస్పత్రి వరండాలో నా తల తన ఒళ్ళో పెట్టుకుని, "సిగరెట్టు ముట్టనైనా ముట్టనిదానివి, ఈ జబ్బు టికెట్టు లేకుండానే ఎక్కేసిందటే నీ ఒంట్లోకి" అంది. అన్ని నెలల్లో నేను నవ్వింది అప్పుడే. నవ్వు దగ్గులోకి తిరిగింది. అక్క నన్ను వరండా చివరికి పంపలేదు. వీపు నిమురుతూ అలాగే కూర్చుంది.

ఫలితం వచ్చిన రోజు మాత్రం ఆయన వచ్చారు, అత్తగారినీ వెంటబెట్టుకొచ్చారు. డాక్టరుగారు ఆయన వైపు తిరిగి మొదలుపెట్టారు. "మీ ఆవిడకి వచ్చినది..." అంటుండగా నేను, "నాకు చెప్పండి డాక్టరుగారూ, ఊపిరితిత్తులు నావి" అన్నాను. డాక్టరుగారు కాస్త తడబడి, కుర్చీ నా వైపు జరుపుకున్నారు. ఆ తర్వాత మాత్రం విడమరిచి చెప్పారు.

"ఊపిరితిత్తుల కాన్సరంటే ఒకటే జబ్బు కాదమ్మా. చిన్న కణాల రకం అని ఒకటుంది. అది దాదాపుగా సిగరెట్లు బాగా కాల్చేవాళ్ళకే వస్తుంది, చాలా తొందరగా పాకుతుంది. మిగతా వాటిలో స్క్వేమస్ అని ఒకటి. అదీ ఎక్కువగా పొగతాగేవాళ్ళదే, మధ్యలో పెద్ద గాలి గొట్టాల దగ్గర మొదలవుతుంది. మీకు వచ్చింది అడినోకార్సినోమా. ఇది సాధారణంగా ఊపిరితిత్తి అంచుల వైపు పుడుతుంది. కాల్చేవాళ్ళకీ వస్తుంది, కానీ జన్మలో ముట్టనివాళ్ళకి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఇదే. వాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ కనబడతారు, వయసు కూడా అంత ఎక్కువ ఉండదు."

"నా సిగరెట్ల వల్లంటారా?" అన్నారు మా ఆయన.

"పక్కవాళ్ళ పొగ పీల్చడం ఒక కారణం కావచ్చు. వంటింట్లో పొగ, వీధిలో గాలి, పనిచేసే చోట దుమ్ము, పుట్టుకతో వచ్చేవి, ఇలా చాలా ఉంటాయి. కొందరికి ఏ కారణమూ దొరకదు. ఈవిడకి ఫలానా దాని వల్లే వచ్చిందని వేలెత్తి చూపించలేం."

ఇంత చెబితే మా ఆయన చెవికి ఎక్కింది చివరి మాట ఒక్కటే. కారెక్కగానే వాళ్ళమ్మతో, "డాక్టరే చెప్పాడు, నా వల్ల కాదని" అన్నారు. చెప్పింది అది కాదు. కానీ వీధి గాలి మీద పడ్డ నేరానికి సంజాయిషీ అడిగేవాళ్ళెవరు. ఇక అత్తగారికి ఇంకో చిక్కు వచ్చిపడింది. కాల్చేవాడు నిక్షేపంగా ఉంటే కాల్చనిదానికి రావడమేమిటి. రెండు రోజులు ఆలోచించి, నేను వంటింట్లో ఉండగా హాల్లో ఆయన్ని గొంతు తగ్గించి అడిగారు. "ఒరే, పెళ్ళికి ముందు దీనికేమైనా అలవాట్లుండేవా? షాపులో ఆ ఓనరు కాలుస్తాడటగా." ఆయన ఛ, ఊరుకో అని ఉంటే సరిపోయేది. "ఏమో, నాకేం తెలుసు" అన్నారు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి, నా నోటి వాసన ఎరిగిన మనిషి, ఏమో నాకేం తెలుసు అన్నాడు. కాన్సరు అన్నప్పుడు కూడా నేను అంత కుంగిపోలేదు. చుట్టాలకి మాత్రం నిమోనియా అని చెప్పాలని తీర్మానించారు. ఆడదానికి ఊపిరితిత్తుల్లో కాన్సరంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారట, రేపు అమ్మాయికి సంబంధాలు చూడాలట. ఆయనకి వచ్చిందనుకున్నప్పుడు కాన్సరు పరువైన జబ్బే. ఊరంతటికీ ఫోన్లు చేసి మరీ చెప్పారు.

నా కణితి ముక్కలో ఏదో జన్యువు మారిందని తేలింది. డాక్టరుగారు కాస్త ఉత్సాహంగా, అది మంచి కబురే అన్నారు. ఆ మార్పుకి సరిపడే మాత్రలున్నాయి, రోజూ వేసుకోవాలి. "పూర్తిగా పోతుందని మాటివ్వలేను. కానీ ఇవి పనిచేసినవాళ్ళు చాలామంది ఏళ్ళ పాటు వాళ్ళ పనులు వాళ్ళు చేసుకుంటూ బాగున్నారు" అన్నారు. వాళ్ళ పనులు అన్నారు. నేనా మాట పట్టుకుని కూర్చున్నాను. ఆయన మాత్రం ఇంటికొచ్చి వాళ్ళమ్మకి, "ఏం ఫరవాలేదు, మాత్ర వేసుకుని పనులన్నీ చేసుకోవచ్చట" అని చెప్పారు. ఆవిడ హమ్మయ్య అన్నారు. ఎవరి పనులన్నది ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

ఇంతలో ఆయన సిగరెట్లు మానేశారు. మానినందుకు నేనూ సంతోషించాను, కాదనను. కానీ మా ఇంట్లో ఆ తర్వాత అంతకన్నా పెద్ద వార్త లేకుండా పోయింది. నాకు మాత్రల వల్ల ఒళ్ళంతా దద్దుర్లు లేచి, నోరు పూసి, కారం తగిలితే ప్రాణం పోయినట్టుంటే, ఆయనకి సిగరెట్టు లేక చేతులు వణుకుతున్నాయని అత్తగారు దిగులుపడ్డారు. నోట్లో వేసుకోవడానికి గంటకోసారి పళ్ళముక్కలు కోసి పెట్టమన్నారు. కోసి పెట్టాను. ముక్క పెద్దదైందని ఆయన విసిరికొట్టి, "నీ కోసమే కదా ఇంత నరకం అనుభవిస్తున్నాను" అన్నారు. ఆఫీసులో చప్పట్లు కొట్టారట. ఆడపడుచు ఫోన్ చేసి, "భార్య కోసం ఎంతమంది మానేస్తారు చెప్పు వదినా, నువ్వు అదృష్టవంతురాలివి" అంది. మందు నేను మింగుతున్నాను, మెప్పు ఆయన మింగుతున్నారు.

నిన్న మధ్యాహ్నం ఆయన ఆఫీసువాళ్ళు ఇద్దరు, తమ తమ భార్యలతో సహా వచ్చారు. అభినందించడానికి, ఆయన్ని. అందరూ హాల్లో కూర్చుంటే నేను టీ ట్రే పట్టుకుని వచ్చాను. ఆయన అప్పటికే కథలో పడ్డారు. ఎక్స్‌రేలు తారుమారైన కథ. ఇప్పుడది నవ్వొచ్చే కథ అయిపోయింది. "నేనైతే వీలునామా గురించి కూడా ఆలోచించేశానండీ" అంటే అందరూ పడీపడీ నవ్వారు. "డాక్టరు నాకేం లేదనగానే చూడాలి మావాళ్ళ మొహాలు" అన్నారు. మచ్చ ఎవరి ఎక్స్‌రేలో ఉందన్నది కథలో చెప్పలేదు. అక్కడితో ముగించారు. వచ్చినవాళ్ళలో ఒకావిడ టీ అందుకుంటూ జాలిగా నా వైపు చూసి, "పాపం, ఆ వారమంతా మీరెంత నలిగిపోయారో కదండీ. ఆయనకేమవుతుందోనని ఎంత భయపడి ఉంటారో" అంది.

అవునండీ అంటే సరిపోయేది. అనబోయాను కూడా. కానీ ఆ వారం గురించి నన్ను నేరుగా అడిగిన మొదటి మనిషి ఆవిడే, అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆ వారం నేను వరండాలో గోడ పట్టుకుని దగ్గుతూ ఏడ్చిన మాట నిజం. కన్నీళ్ళు తుడుచుకున్నాక అక్కడే నిలబడి, ఆయన పోయాక నా రోజు ఎలా గడుస్తుందా అని ఆలోచించిన మాటా నిజమే. అక్క ఉండే మేడ మీద ఒక గది ఖాళీ ఉంది. అందులో ఒక మంచం, ఒక స్టవ్వు. ఆకలేస్తే వండుకుంటాను, వెయ్యకపోతే మానేస్తాను. షాపులో మళ్ళీ ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టమని ఓనర్ని అడుగుతాను, కాదంటే ఇంకో షాపు చూసుకుంటాను. సాయంత్రం డ్యూటీ దిగి అక్క వస్తుంది, ఇద్దరం చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుని కూర్చుంటాం. నేను దగ్గితే ఎవరూ విసుక్కోరు. ఇవన్నీ ఒక్కొక్కటే వాటంతటవే వచ్చి వరసలో నిలబడ్డాయి. అప్పుడు నాకు ఒంటి మీద తేళ్ళు పాకినట్టయింది, ఛీ ఇదేం ఆలోచన అని పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆయన కాళ్ళు ఇంకాసేపు పట్టాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. కట్టుకున్నవాడు చచ్చిపోతేగాని కాళ్ళు చాపుకుని కూర్చోవడం కుదరదని ఇంతకాలం నమ్మినదానికి సిగ్గుపడుతున్నాను, అంతే.

"భయపడ్డానండీ" అన్నాను. "ఆయన లేకపోతే ఎక్కడుండాలో, ఏం వండుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఆ వారంలోనే అనుకున్నాను. ఆయనకి నిజంగానే ఏమీ లేదు. కాన్సరు నాకు."

హాల్లో కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "నిమోనియా, నిమోనియా" అన్నారు అత్తగారు కంగారుగా. "వాళ్ళ ముందు ఏమిటా మాటలు, లోపలికి పద" అన్నారు మా ఆయన. నేను ట్రే ఆయన చేతుల్లో పెట్టాను. ఏం చెయ్యాలో తెలియక పట్టుకున్నారు.

"మీరు పోయాక ఎలా బతకాలనుకున్నానో, మీరు ఉండగానే అలా బతుకుతాను" అన్నాను.